గాలితో ధాన్యమును పీల్చి చేరవేయు యంత్రములు

గొట్టము గుండ ధాన్యమును పీల్చి గాదెలోనికి చేర్చు యంత్రములను గూర్చి కొన్ని మాసములుగా మన సంఘ సభ్యులు మమ్ము ప్రశ్నించుచున్నారు. ఒక సంఘమువారు అమ్మకందారు ఇచ్చిన బొమ్మల పుస్తకమును మా యెదుట పరచి "ఇది కొన్నచో హమాలీలతో పని యుండదని చెప్పుచున్నారు, నిజమేనా?" అని అడిగిరి. మరియొకరు కరెంటు ఖర్చు ఎంత యగునని అడిగిరి. ఆ సభయందే వెనుక వరుసలో కూర్చున్న యొక వృద్ధ రైతు లేచి "అయ్యా, గాలి పొల్లును మోయును గాని గట్టి గింజను మోయునా? నేను నమ్మను" అనెను. ఈ మూడు ప్రశ్నలలో కడపటిదియే మంచి ప్రశ్న. దానికి సరియైన జవాబు తెలిసినచో తక్కిన రెండును తమంతట తామే తేలిపోవును.

ఈ విషయము ఇప్పుడు వ్రాయుటకు మరియొక కారణము గలదు. ప్రాథమిక సహకార సంఘములయందే ధాన్యపు గిడ్డంగులు కట్టించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2023 మే నెలలో ఆమోదించెను. 2024 ఫిబ్రవరి 24వ తేదీన ప్రయోగముగా 11 రాష్ట్రములలోని 11 సంఘములయందు గిడ్డంగులు ప్రారంభమయ్యెను. గిడ్డంగి వచ్చిన వెనుక దానికి తగిన యంత్రమును అమ్మవచ్చువారును వత్తురు. సంఘము కొను యంత్రము సభ్యుల వాటాధనముతోను, తీర్చవలసిన అప్పుతోను కొనునది గదా.

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో ఒక ఉపాధ్యాయుడు గాజు గ్లాసు నిండ నీరు పోసి, అంచుపై అట్టముక్క కప్పి, గ్లాసును తలక్రిందు చేసి చేయి తీసివేసెను. అట్ట ఊడలేదు, నీరు పడలేదు. ఆ నీటిని ఎవరు పట్టుకొనిరని అడుగగా మాలో ఒక్కడును చెప్పలేకపోయెను. క్రిందినుండి గాలి దానిని తోయుచుండెను. మన చుట్టునున్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరుపైనను సుమారు 1 కిలో బరువుతో ఒత్తుచున్నది. ఈ సంగతిని 1643 ప్రాంతమున ఇటలీ దేశస్థుడగు టారిచెల్లి పాదరసపు గొట్టముతో నిరూపించెను. లోపలి గాలిని తీసివేసినచో, వెలుపలి గాలి నీటిని సుమారు 10 మీటర్ల ఎత్తు వరకే తోయగలదు. మన బావులపై మోటారు పెట్టినవారికి ఇది అనుభవమే. నీటిమట్టము 7, 8 మీటర్లు దిగినచో మోటారు నీరు పట్టదు. అప్పుడు బావిలో గట్టు కట్టి మోటారును క్రిందికి దింపుకొనుచుందుము. మోటారు శక్తి తక్కువై యట్లు జరుగలేదు. తోయవలసిన గాలికి అంతకు మించిన బలము లేదు.

కావున పీల్చుట యని మనము చెప్పునది నిజమునకు వెలుపలి గాలి తోయుటయే. ఇంతవరకు ధాన్యపు యంత్రమును బావి మోటారును ఒక్కటే. ఇక్కడినుండి దారులు వేరగును. బావి గొట్టములో నీరు సందు లేకుండ నిండి యుండును. దాని మూతి పూర్తిగా నీటిలో మునిగియుండవలెను, ఏమాత్రము గాలి చొచ్చినను పని చెడును. ధాన్యపు గొట్టములో గింజలు అట్లు నిండి పైకి రావు. అవి పరుగెత్తు గాలిలో తేలుచు, ఒకదాని వెనుక ఒకటి ఎగురుచు పోవును. గాలి ప్రవాహము లేనిచో గింజ కదలదు. కావున ధాన్యపు మూతిలో గింజతోపాటు గాలియు చొరవలెను. ఈ యంత్రముతో వచ్చు చిక్కులలో సగము ఈ భేదము తెలియకపోవుటవలననే వచ్చుచున్నవి.

ఇప్పుడు ఆ వృద్ధ రైతు ప్రశ్నకు వత్తము. కళ్లములో తూర్పారబట్టునప్పుడు చేటనుండి జారిన గింజ కాళ్లయొద్ద పడును, తాలు కొంత దూరమునను, పొట్టు ఇంకను దూరమునను పడును. ఒక్కటే గాలి అన్నిటిమీదను వీచినది. ఏది ఎంత బరువో, ఎంత పలుచనో దానినిబట్టి చోటు మారినది. పైకి వీచు గాలిలో ఊకను తేల్చుటకు సెకనుకు సుమారు 2 మీటర్ల వేగము చాలును. వడ్లగింజకు 6 మొదలు 8 మీటర్లు, గోధుమకు 8 మొదలు 10 మీటర్లు కావలెను. మొక్కజొన్న, సెనగలకు ఇంకను ఎక్కువ. కళ్లములో వీచు గాలికి అంత వేగము లేదు గనుక గట్టిగింజ మనకు దక్కుచున్నది. ఆ గాలినే నాలుగైదు రెట్లు త్వరపెట్టి గొట్టములో బంధించినచో గింజయు పొల్లువలె ఎగిరిపోవును. ఆ పెద్దమనిషి చెప్పినది తప్పు గాదు, ఆయన చూచిన గాలి మెల్లనిది. మిల్లులో ఊకను ఆవలి దొడ్డిలోనికి ఊదు గొట్టమును, తవుడును సైక్లోనులోనికి లాగు గొట్టమును ఆయనయు చూచియే యుండును. అవియు ఈ జాతివే.

అడ్డముగా పోవు గొట్టములో గింజ అడుగునకు దిగజూచును గనుక తేలు వేగము మాత్రము చాలదు. ధాన్యపు యంత్రములలో గాలిని సెకనుకు 20 మొదలు 25 మీటర్ల వేగముతో నడుపుదురు. ఇది గంటకు 72 మొదలు 90 కిలోమీటర్లు. మన కోస్తాలో తుపానునాడు వీచు గాలికి సమానము. కాలువ సంగతి తలంచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. నీటి నడక మందగించినచో కాలువలో ఒండ్రు మేట వేయును, మితిమీరినచో గట్టు కోసుకొనిపోవును. గొట్టములోను అంతే. గాలి మందగించినచో గింజలు అడుగున మేటవేసి, కొంతసేపటికి గొట్టము పూడిపోవును. మితిమీరినచో కోసుకొనిపోవునది గట్టు గాదు, మన గింజయే. వంపులయొద్ద గొట్టమును గూడ అరుగదీయును.

యంత్రము కూర్పు చిక్కైనది గాదు. గింజ వెంట నడచిపోదము. మొదట పీల్చుమూతి. ఇది ఒకదానిలో ఒకటి దూరిన రెండు గొట్టములు. లోపలిదానిలో ధాన్యము పోవును, రెంటి నడిమి సందున పైనుండి గాలి దిగి మూతియొద్ద గింజలతో కలియును. వెలుపలి గొట్టమును ఎత్తి దించి గాలిపాళ్లు సరిచేయుదురు. అచ్చటనుండి వంగెడు గొట్టము, తరువాత ఇనుప గొట్టము. అది కడపట సైక్లోనను గరాటువంటి పెద్ద పాత్రలో ప్రక్కగా చేరును. అందు గాలి సుడి తిరుగగా గింజలు గోడకు కొట్టుకొని క్రిందికి జారును, గాలి పైదారిని వడగట్టు గుడ్డసంచులలోనికి పోయి ధూళిని అచ్చట విడిచి, కడకు బ్లోయరును చేరును. గాలిని లాగునది ఈ బ్లోయరే. రెండు రెక్కలు ఒండొంటిని తాకకుండ దొర్లుచు గాలిని నెట్టు బ్లోయరును అమెరికాలోని కానర్స్‌విల్ అను ఊర రూట్స్ సోదరులు 1860లో పేటెంటు చేసిరి. నేటికిని ఎక్కువగా వాడునది ఆ రకమే. ఇక సైక్లోను అడుగున గింజను బయటికి విడువవలెను గాని గాలిని లోనికి రానీయరాదు. ఇందులకు ఆరేడు రెక్కలు గల చక్రము ఒక డోలులో మెల్లగా తిరుగుచుండును. పైకి వచ్చిన అర గింజలతో నిండి, క్రిందికి తిరిగి వాటిని జారవిడుచును. రెక్కల అంచులు డోలును అంటియుండుటచే గాలికి దారి దొరకదు. ఈ అంచులు అరిగినచో యంత్రము బలము క్రమముగా తగ్గును. కొన్నవారు మొదటి సంవత్సరము మెచ్చి రెండవ సంవత్సరము తిట్టుకొనుటకు చాలచోట్ల ఇదియే హేతువు.

ఒక మిల్లులో మేము చూచిన సంగతి చెప్పుదుము. కొత్త యంత్రము నాలుగు దినములు చక్కగా పనిచేసి అయిదవ దినమున ధాన్యము పట్టకుండెను. మేస్త్రీ బ్లోయరు చెడినదని దానిని విప్పి పెట్టెను. మేము పోయి చూచునప్పటికి కూలివాడు మంచి ఉద్దేశముతోనే పీల్చుమూతిని మోచేతి లోతున వడ్లలో పూడ్చి, పై సందునకు గోనెపట్ట చుట్టి యుండెను. ఎందుకట్లు చేసితివని యడుగగా "మోటారు మూతి నీళ్లలో మునగకపోతే గాలి పట్టేస్తది గదండీ" అనెను. బావియొద్ద నేర్చిన పాఠమును అతడు ఇచ్చట ప్రయోగించెను. గోనెపట్ట తీసి వెలుపలి గొట్టమును రెండు వ్రేళ్లు పైకి జరుపగానే, వానజల్లు రేకులపై కురిసినట్లు చప్పుడు చేయుచు ధాన్యము కదలెను. కాని ఆ సాయంకాలము మరల బలము తగ్గెను. ఈసారి నిజముగా కాని చోట గాలి చొచ్చుచుండెను. నడిమి అతుకులో రబ్బరు చుట్ట పగిలియుండెను. మూతియొద్ద చొచ్చిన గాలి గింజను మోయును, అతుకులో చొచ్చిన గాలి ఒట్టి చేతులతో వచ్చి దారిని ఆక్రమించును. అతుకులయొద్ద వెలిగించిన అగరువత్తి పట్టి పొగ ఎటు పోవునో చూచుటకు ఆ మేస్త్రీ సిద్ధపడగా వలదంటిమి. అందులకు కారణము ముందు చెప్పుదుము. సబ్బునురుగు పూసినచో లోనికి పీల్చు చోటు కనబడును.

ఇక కరెంటు లెక్క. 10 సెంటీమీటర్ల లోవెడల్పు గల గొట్టములో గాలి సెకనుకు 25 మీటర్లు పరుగెత్తినచో సెకనుకు సుమారు 200 లీటర్ల గాలి పోవును. ఘనమీటరు గాలి బరువు 1.2 కిలోలు గనుక ఆ 200 లీటర్ల బరువు పావుకిలోకు లోపే. అది తనకు అయిదురెట్ల బరువు గల ధాన్యమును మోసినచో సెకనుకు కిలోకు పైచిలుకు, గంటకు సుమారు 4 టన్నులు; అనగా 40 కిలోల బస్తాలు నూరు. వినుటకు ఇది బాగుగనే యున్నది. అయితే టన్ను ధాన్యమును 10 మీటర్ల ఎత్తునకు ఎత్తుటకు కావలసిన అసలు పని కరెంటు యూనిటులో 36వ వంతు మాత్రమే. బకెట్ల ఎలివేటరు రాపిడి నష్టములన్నిటితోను దీనికి రెండు మూడు రెట్లు తీసికొనును. గాలి యంత్రమో, టన్నుకు సుమారు ఒక యూనిటు, చిన్నవానిలో అంతకు మించియు మ్రింగును. తుపాను గాలిని పుట్టించి దానిమీద గింజ నెక్కించుచున్నాము గనుక శక్తిలో అధికభాగము గాలికే ఖర్చగుచున్నది. పైగా గాలి తోపునకు హద్దున్నదని ముందే చెప్పితిమి గదా. ఆ హద్దులోను సగమువరకే అక్కరకు వచ్చును. కావున పీల్చు పద్ధతి కొద్ది దూరములకే తగును. దూరమునకు పంపవలెనన్నచో పీల్చుటకంటె ఊదుట మేలు. అందుచేతనే ట్రాక్టరుతో నడచు కొన్ని యంత్రములు ముందు పీల్చి, పిమ్మట అదే గాలితో గింజను లారీలోనికి ఊదుచున్నవి.

ఇంత ఖర్చునకు ఓర్చి లోకులు దీనిని ఏల వాడుచున్నారు? ఎలివేటరు నిలిచినచోట నిలుచును, గొట్టము మూలమూలలకు పాకును. మొదట దీని ప్రయోజనము గ్రహించినవారు రేవులవారు. లండనులో మిల్వాలు రేవు ఇంజనీరగు ఫ్రెడరిక్ ఎలియట్ డకమ్ 1890 దశకమున ఓడ గర్భమునుండి ధాన్యమును గాలితో పీల్చు యంత్రములను నడిపించెను. హాలెండు దేశపు రాటర్‌డామ్ రేవులో 1905లో ఇట్టివి దిగగా కూలీలును తూకపువారును సమ్మె చేసి వాటిని ఆపించిరి. 1907లో మరల తెచ్చినప్పుడు గొప్ప సమ్మె జరిగెను, కడకు యంత్రములే నిలిచెను. మన దేశమున 1966లో కరవు దినములయందు సుమారు కోటి టన్నుల ఆహారధాన్యము దిగుమతి యైనప్పుడు రేవులలో ఓడల గోధుమను ఈ గాలి గొట్టములే తోడినవి. అయితే ఒడ్డున దానిని గోనెలలో నింపి, కుట్టి, మోసినవారు హమాలీలే. హమాలీలతో పని యుండదను అమ్మకందారు మాట ఇందువలన సగము మాత్రమే నిజము. బస్తాలతో వచ్చి బస్తాలతో పోవు ధాన్యమునకు ఈ యంత్రము ఒక్క మోతను గూడ తగ్గింపదు. బస్తా విప్పి పోయుట, మరల నింపి కుట్టుట యను రెండు పనులు పెంచును. మన సంఘములలో ఎక్కువ ధాన్యము నేటికిని గోనెలలోనే నడచుచున్నది. మన ఊరి హమాలీలలో పలువురు మన సభ్యులే యని గూడ మరువరాదు.

అన్నిటికంటె మేము నిలిచి చెప్పదలచినది గింజ నష్టమును గూర్చి. గింజ గంటకు 50, 60 కిలోమీటర్ల వేగముతో ఇనుప వంపునకు తగిలినచో ఏమగునో ఊహించుకొనుడు. వడ్లకు పొట్టు కవచముగా నున్నది గనుక కొంత ఓర్చును. అయినను లోపలి బియ్యము పగిలి పైకి కనబడక, మిల్లులో నూకగా తేలును. అప్పుడు రైతు మిల్లువానిని, మిల్లువాడు రైతును అనుకొందురు. కందులు, మినుములు బద్దలగును. వేరుసెనగ పప్పు చెప్పనక్కరలేదు. దెబ్బ తీవ్రత వేగముకంటె త్వరగా పెరుగును. వేగము రెట్టింపైనచో దెబ్బ బలము నాలుగురెట్లగును. కావున త్వరగా పని ముగియునని బ్లోయరును గట్టిగా నడుపుట తగదు. గొట్టము పలుచగా నడచునప్పుడు గింజలు ఎక్కువగా పగులును, నిండుగా నడచునప్పుడు తక్కువ. నిండు గొట్టములో గాలి నెమ్మదించును, గింజలు ఒకదానికొకటి మెత్తగా నుండును. ఎత్తయిన వేగము, ఖాళీ గొట్టము, పదునైన వంపు, ఈ మూడును కూడినచో ఆ యంత్రము ధాన్యమును చేరవేయదు, దంచును.

విత్తనపు ధాన్యమును మాత్రము ఈ గొట్టములో పోయవద్దని మా నిశ్చితాభిప్రాయము. వరి విత్తనమునకు నూటికి 80 మొలకలు కనీస ప్రమాణము. ఇరుసున నున్న మొలక చిన్న దెబ్బకే చచ్చును, గింజ మాత్రము చూపునకు చక్కగనే యుండును. నమ్మనివారు యంత్రములో పోయకముందు 100 గింజలు, పోసిన తరువాత 100 గింజలు తీసి, వేర్వేరు తడిగుడ్డలలో చుట్టి మొలక లెక్కించి చూడవచ్చును. దీనికి ఖర్చు లేదు. తేమ సంగతియు అట్టిదే. సర్కారు కొనుగోలుకు 17 పాళ్ల తేమవరకు ఒప్పుకొన్నను, నిలువయుంచు వడ్లు 14కు మించరాదు. పచ్చి వడ్లు వంపులలో అంటుకొని పేరుకొనును. గాలిలో ఎగిరినంతమాత్రమున ఆరిపోవునని కొందరనుకొందురు. ఆ కొన్ని సెకనులలో ఆరునది అత్యల్పము.

ఈ పద్ధతికి ఒక మంచి గుణము గలదు. గొట్టమునకు చిల్లి పడినను వెలుపలి గాలి లోనికే పోవును గాని లోపలి ధూళి బయటికి రాదు. కళ్లములోను గోదాములోను ఆ ధూళి పీల్చి దగ్గుచు బ్రదుకు వెళ్లదీసినవారిని ఎరిగిన మేము దీనిని తక్కువగా చెప్పజాలము. అయితే ఆ ధూళి అంతయు గుడ్డసంచులలో చేరును. మెత్తని ధాన్యధూళి గాలితో కలిసినచో మందుగుండువలె ప్రేలును. అమెరికాలోని మినియాపొలిస్ నగరమున 1878 మే 2వ తేదీన పిండి ధూళి ప్రేలి పెద్ద పిండిమిల్లు కూలగా 18 మంది మరణించిరి. మేస్త్రీని అగరువత్తి వెలిగింపనీయకపోవుటకు హేతువిదియే. బీడీయు అంతే. ఎండుగింజ గొట్టమును రాచుకొనుటచే విద్యుత్తు పుట్టి నిప్పురవ్వ లేవవచ్చును గనుక, వంగెడు గొట్టములోని తీగెను, ఇనుప గొట్టమును, సైక్లోనును కలిపి భూమిలోనికి తీగె దింపవలెను. సంచులను ప్రతిదినము దులుపవలెను. పురుగుమందు బిళ్లలు పెట్టిన ధాన్యమును వాయువు పూర్తిగా పోవువరకు పీల్పరాదు. లేనిచో ఆ విషవాయువును బ్లోయరు మన మొగమునకే ఊదును.

గాదెలో దిగు మనిషి సంగతి దీనికంటె ముఖ్యమైనది. పాతర తెరచినవెంటనే దిగరాదనియు, దీపము దింపి చూడవలెననియు మన పెద్దలకు తెలిసియుండెను. ఉక్కుగాదెలో దీపము దింపరాదు, అందు ధూళి గలదు. ఇచ్చటి అపాయము మరియొక రకము. పీల్చుమూతిచుట్టు గింజలు గరాటువలె జారుచుండును. ఆ జారుడులో కాలు దిగిన మనిషి కొద్ది సెకనులలో మోకాలివరకు, అర నిముషములోపల తలవరకు మునుగవచ్చును. నడుము మునిగిన మనిషిని త్రాటితో లాగుట నలుగురికిని సాధ్యము కాదు. బలవంతముగా లాగినచో దేహమునకే గాయమగును. కావున నడుమునకు త్రాడు కట్టుకొని, పైన ఇద్దరు నిలిచియుండగా తప్ప ఎవరును దిగరాదు. గోడవలె గట్టిపడి నిలిచిన ధాన్యము క్రింద నిలిచి పీల్పరాదు. ఎవరైన మునిగినచో వారిచుట్టు రేకులు దించి అడ్డుకట్టి, లోపలి ధాన్యమును ఈ యంత్రముతోనే మెల్లగా తోడి బయటికి తీయుదురు. ముంచినదే తేల్చవచ్చును గాని దానికి రేకులు, నేర్పు గల మనుషులు ముందే సిద్ధముగా నుండవలెను.

ఇన్ని చెప్పిన వెనుక కొనదగునా యని మీరడుగుదురు. బస్తాలు పేర్చు గోదాము గల సంఘమునకు వలదు. నిలువుగాదెలు కట్టించుకొన్న సంఘమునకు ప్రధానమైన ఎత్తివేత పనికి బకెట్ల ఎలివేటరే చవుక. గాదె అడుగున మిగిలిన ధాన్యము తుడుచుటకు, చిన్నచిన్న గదులనుండి ఒక్కచోటికి చేర్చుటకు, వానలో తలుపు మూసి పని చేసుకొనుటకు గాలి యంత్రము మిక్కిలి అనుకూలము. అట్టి పని ఒక్క సంఘమునకు సంవత్సరములో కొన్ని దినములే యుండును. కావున ప్రక్కప్రక్క గ్రామముల సంఘములు నాలుగైదు చేరి, ట్రాక్టరుతో నడచునది ఒకటి ఉమ్మడిగా కొని వంతులవారీగా వాడుకొనుట మాకు నచ్చిన మార్గము.

బేరమునకు ముందు అమ్మకందారును మీ గ్రామమునకే రప్పింపుడు. ఆయన తెచ్చిన ధాన్యముతో గాక మీ వడ్లతో, మీకు కావలసినంత పొడవు గొట్టము వేయించి, ఒక గంట నడిపించి బస్తాలు లెక్కింపుడు. ఆ గంటలో మీటరు ఎన్ని యూనిట్లు తిరిగెనో వ్రాసికొనుడు. ముందు తీసిన రెండు కిలోలు, తరువాత తీసిన రెండు కిలోలు వేరువేరుగా ఆడించి నూక తూచుడు. చక్రపు రెక్కలు, వంపులు, గుడ్డసంచులు మార్చుటకు ఏమగునో ధర కాగితముపై వ్రాయించుడు. ఆ దినమున మమ్ము పిలిచినచో తేమ కొలుచు పనిముట్టును, జల్లెడలను తీసికొని వత్తుము.